అనామతు ఖాతాలో పదకొండున్నర

మొన్న ఇల్లు మారేటప్పుడు అటక మీద ఒక పాత లాంగ్ నోట్‌బుక్ దొరికింది. అట్ట ఊడిపోయింది, మూలలు చెదలు కొట్టేశాయి, మా అమ్మాయి సంచి పట్టుకుని నిలబడి "డాడీ, ఇది పాత పేపర్లలో వేసేయనా" అని అడుగుతూనే ఉంది, నేనేమో చేతుల దుమ్ముతోనే గచ్చు మీద కూలబడి చదవడం మొదలుపెట్టా. ముందు నుంచి తెరిస్తే స్టాటిస్టిక్స్ నోట్స్. అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం, ప్రామాణిక విచలనం... రైలు కుదుపులకు అక్షరాలు ఒక్కోచోట కింది లైన్లోకి దూకి ఉన్నాయి. అదే బుక్కుని తిరగేసి వెనక నుంచి తెరిస్తే సమోసాల లెక్క. అవును, సమోసాలదే. ఎవరెవరు వారానికి ఎంత కట్టారు, ఏ రోజు ఎన్ని కొన్నాం, ఎంత మిగిలింది. ఆ లెక్క చివర ఎర్ర ఇంకుతో ఒక లైను: అనామతు, రూ. 11.50. అనామతు అంటే లెక్క తేలని తేడాని తాత్కాలికంగా రాసిపెట్టుకునే పద్దు. దాని కింద నా సంతకం, ఏదో పెద్ద ఆడిటర్‌లాగా.

మాది భువనగిరి, మా వాళ్ళ నోట్లో బోనగిరి. అప్పుడు నల్గొండ జిల్లా, 2016 తర్వాత మా ఊరి పేరే జిల్లా పేరులోకి ఎక్కింది. నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. నేను 1991లో ఇంటర్ సీఈసీ పాసయ్యా. హైదరాబాద్‌లో రూమ్ తీసుకుని డిగ్రీ చదివేంత సీన్ లేదు, నా తర్వాత ఇద్దరు చెల్లెళ్ళు, నాన్న చదవొద్దని ఎప్పుడూ అనలేదు గానీ ఒక రాత్రి అన్నం కలుపుతూ కలుపుతూ, పళ్ళెం వైపే చూస్తూ, "రాణిగంజ్‌ల మోటర్ల దుకాణం ఉందట, లెక్కలు రాసెటోడు కావాల్నట" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. నాకు అర్థమైపోయింది. జీతం నెలకి ఏడు వందలు, రోజూ రైల్లో అప్ అండ్ డౌన్.

ఓపెన్ యూనివర్సిటీ సంగతి రైల్లోనే తెలిసింది. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసే ఒకాయన, మా బోగీలో అందరికీ అన్నే, నన్ను రెండు నెలలు చూసి చూసి "ఏందిరా కిటికీల నుంచి గట్ల చూస్తవ్, ఎవలన్న పోయిండ్రా? ఓపెన్‌ల కట్టరాదు" అన్నాడు. 1982లో పెట్టారు దాన్ని, దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం, దాని మొదటి వీసీ రాంరెడ్డి గారినే తర్వాత 1985లో ఢిల్లీలో ఇగ్నో, అంటే జాతీయ ఓపెన్ యూనివర్సిటీ, పెట్టినప్పుడు కూడా మొదటి వీసీగా తీసుకెళ్ళారు, ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి లెండి. 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు, నేను 92లో చేరేటప్పటికి ఇంకా జనం "ఏపీ ఓపెన్" అనే అనేవాళ్ళు. ఇంటర్ కూడా లేనివాళ్ళు ఒక ఎంట్రన్స్ రాసి డిగ్రీలో చేరొచ్చు, అందుకని మా క్లాసులో నలభై ఐదేళ్ళ కానిస్టేబుల్ ఉండేవాడు, అంగన్‌వాడీలో పనిచేసే అక్క ఉండేది, ఒక నర్సమ్మ నైట్ డ్యూటీ దిగి సరాసరి క్లాసుకి వచ్చి మొదటి బెంచీలోనే నిద్రపోయేది. సార్లు లేపేవాళ్ళు కాదు. ఇరవై ఏళ్ళు కూడా నిండని నేను అందరిలో చిన్నోణ్ణి.

ఇక రోజు ఎట్లా గడిచేదంటే, పొద్దుగాల నాలుగున్నరకి అమ్మ లేపేది. లేపడమంటే నన్ను కాదు ముందు పొయ్యిని లేపేది, ఆ పొగకి నేను లేచేవాణ్ణి. ఐదు నుంచి ఆరు దాకా చదువు, అదీ కరెంటు ఉంటే. లేకపోతే కందిలి, దాని కింద అకౌంట్స్ లెక్కలు చేస్తే గళ్ళు కనపడక రూపాయలు పైసల్లోకి పైసలు రూపాయల్లోకి పోయేవి. ఆరున్నరకి టిఫిన్ డబ్బా పట్టుకుని స్టేషన్‌కి ఉరుకు. డబ్బాలో జొన్నరొట్టె, పచ్చి పులుసు, లేదా రాత్రి అన్నంలో పెరుగు కలిపి ఉల్లిగడ్డ. స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద నిలబడి వెనక్కి చూస్తే మా ఖిల్లా గుట్ట, ఒకటే రాయి, బోర్లించిన గిన్నెలాగా, ఇంకా సగం చీకట్లోనే ఉండేది. కాజీపేట వైపు నుంచి వచ్చే ప్యాసింజర్ ఎక్కితే పగిడిపల్లి, బీబీనగర్, ఘట్‌కేసర్, చర్లపల్లి, మౌలాలి, ఆ తర్వాత సికింద్రాబాద్ అవుటర్‌లో ఆగుడు. దూరం యాభై కిలోమీటర్లు కూడా లేదు, గంటంబావు లెక్క, కానీ పగిడిపల్లిలో నడికుడి లైను బండికి దారిచ్చి అవుటర్‌లో ఇంకెవరికో దారిచ్చి, మనకి దారిచ్చేవాడు ఎవడూ లేక ఒక్కోరోజు రెండు గంటలు పట్టేది. మిగతా వాళ్ళు బండిని తిట్టేవాళ్ళు, నేను మాత్రం లోపల లోపల ఇంకో పది నిమిషాలు ఆగితే బాగుండు ఈ చాప్టర్ అయిపోద్ది అనుకునేవాణ్ణి. ఇది ఎవరికైనా చెప్తే కొట్టేవాళ్ళు.

ఆ బోగీ గురించి చెప్పాలి. కిటికీ ఊచలకి బయటి వైపు పాల క్యాన్లు వేలాడుతుండేవి, డోర్ దగ్గర కూరగాయల గంపలు, సీజన్‌లో సీతాఫలాల బుట్టలు, పండిపోయినవి కారి చెప్పులకి అంటుకునేవి. సీట్ల మీద కర్చీఫులు, పేపర్లు, ఒక్కోసారి ఒక్క చెప్పు కూడా, అదే రిజర్వేషన్. మా బ్యాచ్ పద్నాలుగు మంది. సెక్రటేరియట్ అటెండర్, బ్యాంక్ క్యాషియర్, ఇద్దరు టీచర్లు, మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డల కొట్లో పనిచేసే తాత, వర్క్‌షాప్ అన్న, ఇట్లా. నలుగురి మోకాళ్ళ మీద ఒక సూట్‌కేస్ పెట్టి దాని మీద తువ్వాల పరిచి రమ్మీ. నేను పుస్తకం తీస్తే మొదట్లో "కలెక్టర్ సాబ్ వచ్చిండు జరగుండ్రి" అని ఏడిపించేవాళ్ళు. తర్వాత తర్వాత ఏడిపించడం మానేసి ఇంకా పెద్ద శిక్ష వేశారు, బీకాం చదువుతున్నాడు కదా అని రమ్మీ పాయింట్లు రాసే పని, దాంతోపాటు సమోసాల ఖాతా నా నెత్తిన పెట్టారు. మనిషికి వారానికి ఐదు రూపాయలు, సాయంత్రం బండిలో ఒకతను బుట్టలో సమోసాలు తెచ్చేవాడు, రూపాయికి రెండు, దాంట్లోంచే అప్పుడప్పుడు చాయ్ పైసలు. ఒకడు మూడు తింటాడు ఒకడు ఉపవాసం అంటాడు, సోమవారం కట్టనివాడు గురువారం "మొన్న కట్టిన గదా" అంటాడు. నా సర్వీసులో కోట్ల రూపాయల ఖాతాలు చూశా తర్వాత, ఇంత గలీజు ఖాతా ఇంకోటి చూడలేదు.

సికింద్రాబాద్‌లో ఎనిమిది ఎనిమిదింబావుకి దిగితే దుకాణం తీసేది తొమ్మిదిన్నరకి. మధ్యలో ఉన్న ఆ గంట నాది. స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్‌లో ఒక చాయ్, అది కూడా ఎవరైనా తెలిసినవాళ్ళు ఉంటే వన్ బై టూ, లేకపోతే ప్లాట్‌ఫామ్ బెంచీ మీదే కూర్చుని ఇంకో ఆరేడు పేజీలు. తర్వాత మోండా మార్కెట్ పక్క నుంచి జనరల్ బజార్ దాటి జేమ్స్ స్ట్రీట్ పట్టుకుని రాణిగంజ్ దాకా నడక. బస్సుకి పైసలు లేక కాదు, నడిస్తే నిద్ర పోయేది. నిద్ర ఆ నాలుగేళ్ళు నన్ను అప్పులవాడిలాగా వెంటబడింది, ఎక్కడ కూర్చుంటే అక్కడికి వచ్చేసేది.

రాణిగంజ్ అంటే తెలిసినవాళ్ళకి తెలుసు, అంతా పంపులు, మోటర్లు, పైపులు, బేరింగులు, నట్లు బోల్టులు, రోడ్డు మీద నడుస్తుంటే గ్రీజు వాసన. మా దుకాణంలో సేట్, ఇద్దరు సేల్స్ వాళ్ళు, నలుగురు హమాలీలు, లెక్కలకి మునీమ్‌జీ, ఆయన కింద నేను. మునీమ్‌జీ మన తెలుగాయనే, నిజాం రోజుల్లో ఉర్దూ మీడియం చదివిన మనిషి, పైజమా, పైన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు ఒకటి నీలం ఒకటి ఎరుపు. కూడికలు మాత్రం నోట్లో ఉర్దూలోనే చేసేవాడు. క్యాలిక్యులేటర్ టేబుల్ మీద ఉన్నా దాని మీద పేపర్ వెయిట్ పెట్టేవాడు. పొద్దున వచ్చిన బిల్టీలు, అంటే సరుకు రవాణా రసీదులు, చూసి సరుకు రాయడం, బిల్లులు చిట్టాలో, అంటే రోజువారీ పుస్తకంలో, ఎక్కించడం, చిట్టా నుంచి ఆవర్జాలోకి, అంటే ఎవరి ఖాతా వాళ్ళకి విడిగా ఉండే పుస్తకంలోకి, పోస్టింగ్, బయటి రాష్ట్రాల నుంచి సీ ఫారాలు రాకపోతే ఉత్తరాలు రాయడం. సరుకు కొన్న బయటి రాష్ట్రం వాళ్ళు ఇచ్చే సీ ఫారం వస్తే నాలుగు శాతమే సీఎస్టీ, అంటే కేంద్ర అమ్మకం పన్ను, రాకపోతే మిగతా పన్ను సేట్ నెత్తి మీద పడేది, అందుకని ఆ ఫారం కాయితం మా దుకాణంలో నోటుకంటే ఎక్కువ. దీపావళికి కొత్త ఖాతా పుస్తకానికి కుంకుమ పెట్టి లక్ష్మీ పూజ చేసేవాళ్ళు, ఇంకోవైపు 1989 నుంచి ఇన్‌కమ్ టాక్స్‌కి అందరూ మార్చి 31కే లెక్కలు ముగించాలి, అంటే దేవుడికో సంవత్సరం గవర్నమెంట్‌కో సంవత్సరం.

తమాషా ఏంటంటే పగలు నేను చేసేదీ రాత్రి చదివేదీ ఒకటే సబ్జెక్టు, కానీ రెండూ కలిసేవి కావు. డెబిట్లు క్రెడిట్లు సరిపోయాయో లేదో చూసే పట్టిక దుకాణంలో ట్రయల్ బ్యాలెన్స్, పుస్తకంలో అంకణా. దుకాణంలో బ్యాడ్ డెట్, సేట్ భాషలో "డూబ్ గయా", పుస్తకంలో రానిబాకీలు. నాది తెలుగు మీడియం. ఆ ఓపెన్ పుస్తకాలు మాత్రం బాగుండేవి, ఇది నేను ఇప్పటికీ అంటా, పక్కన సార్ లేకపోయినా అర్థమయ్యేట్టు రాశారు, ప్రతి పాఠం చివర మీరే పరీక్షించుకోండి అని ప్రశ్నలు, జవాబులు కూడా ఇచ్చేవాళ్ళు. ఎకనామిక్స్ ఒక్కటే కష్టం, పుస్తకంలో లైసెన్సుల పద్ధతి, పెద్ద కంపెనీల గుత్తాధిపత్యాన్ని ఆపే ఎమ్మార్టీపీ చట్టం గురించి పేజీలకు పేజీలు, పేపర్లో చూస్తే 91 జూలై నుంచి పీవీ గారు, మన్మోహన్ సింగ్ గారు అవన్నీ ఒక్కోటి పీకేస్తున్నారు. పరీక్షలో ఏది రాయాలో తెలీక పుస్తకంలోదే రాశా.

క్లాసులు ఆదివారం. స్టడీ సెంటర్ సిటీలో ఒక గవర్నమెంట్ కాలేజీ, అంటే ఆదివారం కూడా అదే రైలు. క్లాసులకి రావాలని కంపల్సరీ ఏం లేదు, చెప్పేవాళ్ళని సార్ అనకుండా కౌన్సిలర్ అనాలట, మేం సారే అనేవాళ్ళం. ఆషాఢంలో లష్కర్ బోనాల ఆదివారం మాత్రం స్టేషన్ నుంచి బయట కాలు పెట్టే సందు ఉండేది కాదు, రెండేళ్ళు ఆ రోజు క్లాసు వదిలేసి మహంకాళి గుడి దగ్గర ఘటం చూసుకుంటూ నిలబడ్డా, ఆ రెండు క్లాసులూ స్టాటిస్టిక్స్‌వే, తర్వాత అమ్మవారే చూసుకుంది నన్ను. క్లాసు అయ్యాక ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు. అక్కడ గైడు కొంటానని వెళ్ళి వారపత్రికలు కొనుక్కుని వచ్చేవాణ్ణి.

94 మార్చి ఎండింగ్ సంగతి చెప్తా. ఏప్రిల్లో లెక్కలు ముగించే పని, రోజూ రాత్రి తొమ్మిది దాకా దుకాణంలోనే. నా పరీక్షలు దగ్గరపడ్డాయి, సెలవు అడిగితే సేట్ "లే లో, తన్ఖా కటేగా" అన్నాడు, అంటే తీసుకో, జీతం కట్ అవుతుంది అని, ఆయన దృష్టిలో అది చాలా పెద్ద మనసు. ఆ రాత్రి ట్రయల్ బ్యాలెన్స్ యాభై నాలుగు రూపాయలు తేడా. డెబిట్ తక్కువ. ఆఖరి బండికి గంట ఉంది. నేను పుస్తకంలో చదివిన తెలివి బయటపెట్టా. "మునీమ్‌జీ, తేడా దొరక్కపోతే అనామతు ఖాతాలో వేసి అంకణా కలుపుకోవచ్చట, దొరికినప్పుడు సర్దుబాటు చెయ్యొచ్చట."

ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు. "అనామతు కాదురా, అమానత్. ఇంకొకని సొమ్ము నీ దగ్గర దాచిపెట్టుడు. యాభై నాలుగు ఎవనిదో నీకు ఎర్కనా? ఎర్కలేనప్పుడు అమానత్ ఎట్లయితది? గవన్ని కాపీల రాస్కునే మాటలు. సేట్ ముంగట అనామతు అన్ననంటె నా తన్ఖానే అనామతు అయితది."

తర్వాత ఆయనే నేర్పాడు. తేడాని ముందు రెండుతో కొట్టు, ఇరవై ఏడు. ఇరవై ఏడు రూపాయల పద్దు ఏదైనా ఉందా, ఉంటే అటు రాయాల్సింది ఇటు రాశావు. లేదు. తర్వాత తొమ్మిదితో కొట్టు. తెగిందా? తెగింది, తొమ్మిదార్ల యాభై నాలుగు, "నౌ ఛక్కే చౌవన్" అని ఆయన. తొమ్మిదితో తెగిందంటే అంకెలు తారుమారు అయినయ్, పక్క పక్క అంకెల మధ్య తేడా ఆరు ఉన్న పద్దులు చూడు, ఎనభై రెండు, తొంభై మూడు, డెబ్బై ఒకటి, ఇట్లాంటివి. ఇద్దరం చెరో ఆవర్జా ముందేసుకుని వేలు పెట్టి దిగుతూ పోయాం. ఎనిమిది నలభైకి దొరికింది. చిట్టాలో 1,382, సూర్యాపేట పార్టీ ఖాతాలో 1,328. రాత ఎవరిదంటారా, నాదే. పోస్టింగ్ తారీఖు చూస్తే ముందురోజు రాత్రి ఒంటిగంట దాకా చదివిన రోజు. ఆయన ఏమీ అనలేదు, ఎర్ర పెన్ను నాకిచ్చి "కొట్టెయ్, సంతకం పెట్టు, గీకకు" అన్నాడు. తప్పు గీకి దాయకూడదు, ఒక గీత కొట్టి పైన ఒప్పు రాయాలి, కింద ఏం తప్పు రాశావో కనపడాలి. అదొక్కటి ఆయన దగ్గర గట్టిగా నేర్చుకున్నా.

బండి పోయింది ఆ రాత్రి. హమాలీలతో పాటు దుకాణం మెట్ల మీదే పడుకున్నా. ఆ పరీక్షల్లో స్టాటిస్టిక్స్ తప్పా. ఇరవై తొమ్మిది మార్కులు.

ఇంట్లో చెప్తే అమ్మ "పోతె పోనీ బిడ్డ, పాణం కంటె ఎక్కువనా" అంది, నాన్న మాత్రం ఏమీ అనకుండా లేచి బయటికి వెళ్ళాడు. నాన్న ఏం అనుకుంటున్నాడో ఆ మనిషి జీవితంలో ఎప్పుడూ నోటితో చెప్పలేదు. ఒక్కసారి చూశా కానీ. ఆ ఏడు చలికాలం, రాత్రి బండిలో డోర్ దగ్గరి బల్బు ఒక్కటే వెలుగుతుండేది, దాని కింద నిలబడి చదివి చదివి, ఘట్‌కేసర్‌లో సీటు దొరికితే కూర్చున్నా. కళ్ళు తెరిచేసరికి ఎవరో చాయ్ అబ్బాయి భుజం తట్టి "భయ్యా, జనగామ" అంటున్నాడు. భువనగిరి దాటి రాయిగిర్, వంగపల్లి, ఆలేరు, పెంబర్తి, ఇన్ని స్టేషన్లు పోయినయ్. టైం పదకొండు కావస్తోంది. వెనక్కి బండి లేదు. ఇంట్లో ఫోన్ లేదు, సందు చివర కిరాణా కొట్లో ఉంది, ఈపాటికి మూసేసి ఉంటాడు. మఫ్లర్ చుట్టుకుని, పుస్తకం తల కింద పెట్టుకుని బెంచీ మీద పడుకున్నా, చలికి నిద్ర ఎక్కడిది, అంతకుముందు రైల్లో వచ్చిన నిద్ర ఇప్పుడు రమ్మంటే రాదు. సరేలే అని ప్లాట్‌ఫామ్ లైటు కింద సహసంబంధం చాప్టర్ మొత్తం లెక్కలు చేసేశా, పొద్దున పరీక్ష పెట్టి ఉంటే నూటికి నూరు.

తెల్లారి కాజీపేట నుంచి వచ్చే మా పాత ప్యాసింజరే ఎక్కా, రోజూ ఎక్కే బోగీనే. భువనగిరిలో బండి ఆగుతుంటే చూశా, ప్లాట్‌ఫామ్ మీద మా బోగీ ఆగే చోటనే నాన్న నిలబడి ఉన్నాడు, గొంగడి కప్పుకుని, చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో ఇస్త్రీ చొక్కా న్యూస్ పేపర్లో చుట్టి. నేను దిగబోతే "దిగకు దిగకు, లేటైతది" అని డబ్బా కిటికీలోంచి ఇచ్చాడు. చొక్కా ఇచ్చాడు. రాత్రంతా ఏమైపోయావని అడగలేదు, జనగామ దాకా పోయానని ఎట్లా కనిపెట్టాడో చెప్పలేదు. బండి కదిలాక వర్క్‌షాప్ అన్న చెప్పాడు, రాత్రి పదిన్నరకి నాన్న వాళ్ళింటికి వెళ్ళి తలుపు కొట్టాడట, "మా బండిలనే ఎక్కిండు, డోర్ కాడ నిలబడి సదువుతుండె" అని అన్న చెప్తే, "గట్లయితె పండుకోని ముందుకు పోయిండు" అని వెనక్కి వెళ్ళిపోయాడట. చొక్కా బాత్రూంలో మార్చుకుని దుకాణానికి టైముకే వెళ్ళా.

95లో మళ్ళీ స్టాటిస్టిక్స్ కట్టా, మిగతా పేపర్లతో పాటు. ఆ నెలరోజులు బోగీలో నాకు పనుల నుంచి సెలవు ఇచ్చారు, రమ్మీ పాయింట్లు బ్యాంక్ క్యాషియర్, సమోసాల బుక్కు, పైసలు వర్క్‌షాప్ అన్న తీసుకున్నారు. కిటికీ సీటు నాకు, ఎవడైనా పైన వాలితే ఉల్లిగడ్డల తాత వాణ్ణి తిట్టేవాడు. పరీక్షల ముందురోజు అన్న నాకో ప్యాడ్ ఇచ్చాడు, క్లిప్పు ఉండే అట్ట, "మా పోరనిది పాతది పడి ఉండె, తీస్కో" అని. నాది అప్పటిదాకా క్యాలెండర్ అట్టకి బట్టల క్లిప్పు. ఆ ప్యాడ్ వెనక స్టిక్కర్ గీకేసిన మరక జిగటగా ఉండేది, పరీక్ష హాల్లో రాస్తుంటే తొడకి అంటుకునేది, అది బాగా గుర్తు. పాసయ్యా, నలభై ఒకటి. మొత్తం డిగ్రీ 96లో అయిపోయింది, సెకండ్ క్లాసు, బోగీ అంతా సమోసాలు పంచా, ఆ ఖర్చు నా జేబులోంచే.

పరీక్షలయ్యాక బుక్కు మళ్ళీ నా చేతికి వచ్చినప్పుడు లెక్క చూస్తే పైసలు పదకొండు రూపాయల యాభై పైసలు తక్కువ. అన్నని అడిగితే "నాకేం ఎర్క, నాకు సదువొచ్చా" అని నవ్వాడు. మునీమ్‌జీ చెప్పినట్టే చేశా. రెండుతో కొడితే ఐదు డెబ్బై ఐదు, అలాంటి పద్దు లేదు. తొమ్మిదితో తెగలేదు. వారం రోజులు వెతికి, ఇక చేసేది లేక, ఆయన వద్దన్న పనే చేశా, అనామతులో రాసి సంతకం పెట్టా. ఆ తేడా నేనే వేసుకున్నా, కాబట్టి ఆ పదకొండున్నర నాకు రావాలి అని పదేళ్ళు చెప్పుకు తిరిగా.

డిగ్రీ తర్వాత ఒక చోట ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ చూసి "ఓహ్, ఓపెన్ డిగ్రీయా" అని ఫైలు మూసేశారు, ఆ "యా" నాకు ఇంకా వినపడుతుంది. వేరే చోట తీసుకున్నారు. రాణిగంజ్ మానేసే రోజు మునీమ్‌జీ తన ఎర్ర పెన్ను ఇస్తాడేమో అని ఆశపడ్డా, ఇవ్వలేదు, "నాకు పని ఉంటది దాంతోని" అన్నాడు. ఇప్పుడు ఫోన్‌లో వీడియోలు చూస్తూ చదివే పిల్లలని చూసి మా రోజుల్లో అని మొదలుపెట్టే మనిషిని కాను నేను. ఆ నాలుగేళ్ళు మళ్ళీ ఇస్తామంటే చేతులెత్తి దండం పెడతా. నా చెల్లి పెళ్ళి చూపుల రోజు కూడా నేను పుస్తకం ముందు కూర్చుని నిద్రపోయా, వాళ్ళు నన్ను చూసి "బాబుకి ఒంట్లో బాగాలేదా" అని అడిగారు.

బుక్కు దొరికిన సాయంత్రమే వర్క్‌షాప్ అన్నకి ఫోన్ చేశా. రిటైరై చాలా ఏళ్ళయింది, ఇప్పుడు చర్లపల్లి దగ్గరే కొడుకు దగ్గర ఉంటున్నాడు, కిందటేడు జనవరిలో అక్కడ కొత్త టెర్మినల్ మొదలైనప్పుడు కూడా "మనం ఆగేటప్పుడు ఈడ కుక్కలు తప్ప ఏం లేకుండె, యాదికుందా" అని ఫోన్ చేశాడు. 2025 అంతా దాని గురించే మాట్లాడాడు మనిషి. నేను సమోసాల బుక్కు దొరికిందని చెప్పి, "అన్నా, ఆ పదకొండున్నర నాకు రావాలె, వడ్డీ వద్దులే" అన్నా.

అటు వైపు కాసేపు దగ్గు, దగ్గో నవ్వో తెలీలేదు.

"నీకు రావాల్నా? ప్యాడు కొన్నం గదరా దాంతోని."

"ఏ ప్యాడు?"

"పరీచ్చ ప్యాడు. నువ్వు అట్టముక్క పట్టుకోని పోతుంటివి, తాతనే అన్నడు కొనియ్యిండ్రి అని. మోండాల కొన్న. పదకొండున్నర. బుక్కుల రాస్తె నువ్వు చూస్తవని రాయలే."

"మరి మీ వాడిది పాతది అన్నావు?"

"అప్పుడు మావోడు రెండో తర్గతిరా, వానికి ప్యాడెందుకు."

ఫోన్ పెట్టేశాక అటక మీద ఉన్న మిగతా డబ్బాలన్నీ దింపించా. రాత్రి పదకొండు దాకా వెతికా, మా ఆవిడ తిడుతూనే ఉంది. పాత హాల్ టికెట్లు దొరికాయి, ఒక రైలు పాసు దొరికింది, స్టాటిస్టిక్స్ పుస్తకం రెండో భాగం దొరికింది. ప్యాడ్ మాత్రం లేదు.